తోపు వెనక ఒడ్డు మాకు కావాలి

పుదుచ్చేరి,
1931 మార్చి.

పోలీసు కొమిస్సేర్ దొరవారి సముఖమునకు, కురుచికుప్పం కాపురస్థురాలు, దామోదరన్ భార్య లోగనాయకి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా బావగారు వీరాసామి చెవి తెగిన సంగతి, మా బట్టలు కాలిన సంగతి.

1. అద్దకపు కొట్టంలో మరుగుతున్న రంగు కాగు ఒరిగి నా ఒళ్ళు మెడనుంచి తొడలదాకా ఉడికిపోయినది. పుండ్లు మానినను చర్మం ముడతలుగా నిలిచిపోయినది. రవిక తగిలితే మంట. అయినా స్నానానికి కూడా విప్పేదాన్ని కాదు. నా ఒంటిని నేనే చూడలేకపోయేదాన్ని.

చేపలమ్మే వెళ్ళైయమ్మాళ్‌కు ఆసుపత్రిలో ఒక రొమ్ము తీసేశారు. ఆమే నన్ను కుప్పానికి ఉత్తరాన, సరుగుడు తోపు వెనక ఒడ్డుకు తీసుకుపోయింది. మగవారు రాని చోటు. చీర తీసి ఇసుకలో పడేసి, "చూడు. నాకాడ ఏముంది? కుట్టు. నీకాడ ఏముంది? ముడత. దానికింత ఏడుపేందే?" అన్నది.

ఆ రోజు నా వీపుమీద ఎండ పడింది. ఉప్పునీళ్ళు ముందు మండించాయి, తర్వాత హాయి అనిపించింది. రోజూ వెళ్ళాము. పొట్టమీది ముడతలను చేత్తో తడిమి, ఇది నా ఒళ్ళే అనుకోవడం అక్కడే నేర్చుకున్నాను.

2. మొన్న శుక్రవారం ఉదయం వీరాసామి, మరికొందరు తెడ్లు పట్టుకుని వచ్చారు. వెళ్ళైయమ్మాళ్ చేయి అడ్డం పెట్టగా మణికట్టు విరిగింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. మా చీరలు పోగేసి నిప్పు పెట్టారు. వీరాసామి నన్ను జుట్టు పట్టి పడేసి, మెడమీద కాలు వేసి, గుప్పెళ్ళతో ఇసుక తీసి నా ముడతలమీద నెత్తురు వచ్చేదాకా రుద్దాడు.

"ఈ ఉడికిన తోలు ఎవురికి చూపియ్యను విప్పినావే?"

నా పెనిమిటి పక్కనే ఉన్నాడు. "వొద్దు అన్నా" అన్నాడు. ఒక్కసారే.

వీరాసామి కాలు తీసి నా ముఖంమీదికి వంగినప్పుడు చెవి అందింది. కొరికాను. తమ్మె నా నోట్లోకి వచ్చింది, ఉమ్మేశాను. అతని తెడ్డే లాక్కుని మోకాలిమీద కొట్టాను. పడిపోయాక కూడా కొట్టాను. ఇందులో అబద్ధం లేదు.

3. బట్టలు బూడిదైనందున కుప్పం వీధిలోనుంచే ఇంటికి నడిచాము. రాళ్ళు పడ్డాయి. ఎవరో తల్లి గుడ్డ విసిరితే దానితో వెళ్ళైయమ్మాళ్ చేతికి కట్టు కట్టాను. సిగ్గు విడిచి తిరిగామని ఆ నడకను మామీద నేరంగా ఫిర్యాదు చేశారు.

కావున చెవికి శిక్ష వేయండి, పడతాను. నడకకు వేయకండి. బట్టలు కాల్చినవారిని పట్టుకోండి. మధ్యాహ్నందాకా ఆ ఒడ్డు ఆడవారిదని ఉత్తర్వు ఇప్పించవలెను. అంతకన్న అడిగేది లేదు. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లోగనాయకి

మరొక మనవి: అర్జీ మడుస్తుండగా వీరాసామి భార్య, నా తోడికోడలు పూంగావనం వచ్చింది. తిట్టడానికనుకుని రోకలి అందుకున్నాను. ఆమె తలుపు మూసి, రవిక విప్పి, నావైపు వీపు తిప్పింది. వీపంతా వాతలు. కొన్ని పాతవి. ఒకటి ఇంకా పచ్చిగా ఉంది.

"యాడుంది లోగా, ఆ ఒడ్డు?" అన్నది.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగమని ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు, దొరా. పోతున్నాము.