అరువు బల్లలు

అక్కా,

ఫోనులో నోరు జారతానని ఉత్తరం రాస్తున్నాను. నీ బడికి రావలసిన గ్రాంటు ఆగిపోయింది. పిల్లలు నేల మీద కూర్చుని రాసుకుంటున్నారు, బల్లలు ఇప్పించండి అని దరఖాస్తులో నేను రాశాను. తనిఖీకి మనిషి వస్తున్నాడనగానే నువ్వు పక్క బడి నుంచి బల్లలు అరువు తెచ్చి గదులన్నీ నింపేశావు. ఆయన నాకు ఫోను చేసి, "ఇంకా బల్లలెందుకండీ? నాకు నడవడానికే చోటు లేదు!" అన్నాడు.

అడిగితే, "పెద్దమనిషి వస్తే పిల్లల్ని నేల మీద కూర్చోబెడతారట్రా? పరువు పోదూ?" అని నన్నే కసిరావు. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే. హెడ్మాస్టరమ్మవి, అంతకన్నా ఏమనను!

కాళ్ళావేళ్ళా పడితే సోమవారం మళ్ళీ వస్తానన్నాడు. ఇదీ పోతే ఏడాదంతా పిల్లలకు నేలే గతి. అందుకని ముందు ఆ బల్లలు తిరిగి పంపించెయ్యి. ఆయన వచ్చాక కుర్చీ కూడా వెయ్యకు. పిల్లల మధ్య కూర్చోబెట్టి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఒక పేజీ రాయమను. మిగతా దరఖాస్తు ఆయన నడుం నొప్పే రాసుకుంటుంది.

నీ తమ్ముడు