కిరీటం దగ్గరికి రాగానే పోయే కరెంటు

తాండూరు, 1984

కరెంటు ఆఫీసు ఇంజనీరు గారికి,

అయ్యా, మీ లైన్‌మన్ వలీ మీద విచారణ జరిపించాలని మనవి.

మా బావమరిది దుబాయి నుంచి వీడియో గేమ్ పెట్టె తెచ్చాడు. దాన్ని టీవీకి తగిలిస్తే ఒక కోట కనిపిస్తుంది. తాళంచెవి వెతికి, రాక్షసుణ్ణి తప్పించుకుని, బంగారు కిరీటాన్ని బయటికి తేవాలి. నడుమ కరెంటు పోతే ఆట మళ్లీ మొదటికొస్తుంది. నేను కిరీటం దగ్గరికి చేరిన ప్రతిసారీ కరెంటు పోతోంది. అదీ మా ఒక్క ఇంటికే.

వికారాబాదులో వలీ వాళ్ల అన్నయ్య ఇంట్లో ఇదే ఆట ఉంది, వలీ అక్కడికెళ్లి ఆడుతుంటాడు. బజారులో కలిస్తే చాలు, "సేటూ, యాడిదాంక పోయిండ్రు?" అని అడుగుతాడు. నాకంటే ముందు కిరీటం తేవాలని అతని ఎత్తు. మా ఇంటావిడ వసంతమ్మ మాత్రం అతన్నే వెనకేసుకొస్తుంది. "గాయన్నెందుకంటరు, జర దుకాణం మొఖం చూడుండ్రి" అంటుంది.

ఇంతవరకు రాసి, కవరు అంటించడానికి అన్నం మెతుకుల కోసం వంటింట్లోకి వెళ్లాను. అన్నం గిన్నె వెనుక మా మీటరు ఫ్యూజు కనబడింది. వసంతమ్మ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"దుకాణం తెరువుండ్రి, కరెంటు అదే వస్తది" అంది.

కాబట్టి ఫ్యూజు తీసింది వలీ కాదు. ఒప్పుకుంటున్నాను. కానీ దాన్ని ఎలా తీయాలో ఆమెకు నేర్పిందెవరు? విచారణ ఆపకండి.

జవాబు మాత్రం ఇంటికి పంపకండి. మా నాపరాతి బండల దుకాణానికి పంపండి. రేపటి నుంచి తెరిచే ఉంటుంది.