మెషీను గొట్టం కింద చెంబు

మావా,

నేను మొదటి బస్సుకి టెక్కలి వెళ్తున్నాను, అత్త రక్తపరీక్ష రిపోర్టు తేవాలి. నువ్వు తోటకి నీళ్లు పెట్టి రాగానే ముందు బండికి కరెంటిచ్చే మెషీను చూడు. దాన్ని నడిపే మెథనాల్ అడుగంటింది, మంచం కింద ఉన్న కొత్త డబ్బా బిగించు. ఈ కొబ్బరి నీడలో సోలారు పలక ఎందుకూ పనికిరావడం లేదు. మెషీను ఆగితే ఫ్రిజ్ ఆగిపోతుంది, అత్త ఇంజెక్షన్లు అందులోనే ఉన్నాయి. డబ్బా మార్చేటప్పుడు బీడీ ముట్టించకు. ఖాళీ డబ్బా కడిగి నీళ్లకి వాడొద్దు, అది విషం.

అత్తకి ఉప్పు లేకుండా గంజి కాచి పెట్టాను.

టూరిస్టులు ఎక్కుతారని కట్టించావు ఈ బండి ఇల్లు. చివరికి ఎక్కింది మనమే. ఇంత ఇరుకులో వంగి వంగి వండలేక నా నడుం పోతోంది. ఎన్నిసార్లు చెప్పినా నీకు వినపడదు.

కరెంటు చేసేటప్పుడు బయట మెషీను గొట్టంలోంచి నీటి చుక్కలు పడతాయి కదా, అత్త దాని కింద చెంబు పెట్టింది. తన కిడ్నీలు పాడుచేసిన మన బోరు నీళ్లకంటే అవే మంచివనుకుంటోంది. అవి తాగేవి కావని కొడుకువి నువ్వే నచ్చజెప్పు, నా మాట వినడం లేదు.

ఉష

ఆ చెంబు నువ్వే పారబొయ్యి, నాకు చెయ్యి రాలేదు. ఆవిడ రెండు రోజులు పట్టిన ఆ నీళ్లు తన కోసం కాదట. ఇందాక నా చేతిలో పెట్టి, "నాకింకేటి బాగవుతాదే, నువ్వు తాగు. నీ కిడ్నీలైనా నిలబడాల" అంది.