మూత మీద రాయి

కిట్వే

మ్వెల్వా అక్కా,

నువ్వు పంపిన కరెంటు కుక్కరంటే నాకు భయంగా ఉంది. నిన్న మధ్యాహ్నం చిక్కుడు గింజలు పెట్టి, బొగ్గుల కుంపటి మీద కుండకు పెట్టినట్టే మూత మీద రాయి పెట్టాను. ఆవిరి పోయే దారికే అది అడ్డమని నాకేం తెలుసు? కాసేపటికి బుసలు మొదలయ్యాయి.

పక్కింటి చిసెంగా వాళ్లమ్మ గుమ్మంలోంచి అరిచింది. "ఒసేయ్, ఇల్లు పేలుస్తావా? ప్లగ్గు పీకవే!"

పీకి, నా చిట్టి కసుబాను చంకనేసుకుని వానలోకి పరుగెత్తాను.

తర్వాత భయపడుతూనే మూత తీస్తే, గంపెడు బొగ్గు తినే గింజలు వెన్నలా ఉడికాయి. పిల్ల మొక్కజొన్న ముద్దతో తిని పడుకుంది. ఇల్లంతా నిశ్శబ్దం. వానలకు కుంపటి ఇంట్లోకి తెచ్చినప్పటి నుంచీ పిల్ల దగ్గు ఆగిందే లేదు కదా. ఆ దగ్గు వినపడకపోయేసరికి పరుగున దాని దగ్గరికి వెళ్లాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోందక్కా, పిల్లికూతలు లేకుండా.

ఒకసారి వచ్చి దీని పద్ధతి నేర్పిపో. ఇవాళ కూడా గింజలు పెట్టాను, రాయి లేకుండా. అయినా లోపలికి వెళ్లే ధైర్యం లేదు. పిల్లను వీపున కట్టుకుని, గుమ్మం బయట నిలబడే ఇది రాస్తున్నాను.

నీ చెల్లి