శుక్రవారం తనిఖీకి పిల్లలు కావాలి

చంద్రపూర్,
9-7-1996

పూజ్యులైన అనంతరావు సారుకు,

మీ శిష్యురాలు రాజకుమారి పాదాభివందనం చేసి రాసుకునేది. లక్కడ్‌కోట్‌లో మీరూ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం బాగున్నామని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను.

సారూ, ఇక నాకు చేతకావడం లేదు. బొగ్గుగని కాలనీలోని మా తెలుగు బడి రిజిస్టరులో ఇరవై రెండు పేర్లున్నాయి. చాపల మీద కూర్చునేది పదముగ్గురు. నాలుగు తరగతులకూ నేనొక్కదాన్నే. మిగతా తొమ్మిది మంది మరాఠీ, ఇంగ్లీషు బడులకు వెళ్లిపోయారు. వాళ్లకూ రోజూ హాజరు వేస్తున్నాను. ఇరవై కన్నా తగ్గితే బడి మూసేస్తామని పైవాళ్లు చెప్పారు. ఎండాకాలమంతా ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని అడుక్కున్నాను. మీరు నేర్పిన పాఠం చెప్పడం మరిచిపోయాను గానీ అడుక్కోవడం బాగా వచ్చింది.

మొన్న రెండో తరగతి గోపాల్ మొదటిసారి తడుముకోకుండా ఒక పేజీ చదివి నా ముఖంలోకి చూశాడు. నాకు సంతోషం కలగలేదు. వీడెప్పుడు వెళ్లిపోతాడో అనుకున్నాను, అంతే. వాడు తలదించుకుని కూర్చున్నాడు. అప్పటి నుంచి నన్ను చూస్తే నాకే భయంగా ఉంది.

వచ్చే వారం శుక్రవారం, పందొమ్మిదిన తనిఖీ. ఆ ఒక్కరోజు తన పిల్లలిద్దరినీ మరాఠీ బడి మాన్పించి పంపమని ఈరమ్మను బతిమాలాను. ఆమె కోప్పడలేదు.

"పంపుత టీచరమ్మా. గాని నీ బిడ్డ గూడ గీ బడిలనే సదువుతుందా?" అంది.

నన్నే అడుగుతుందా అని ఒళ్లు మండింది. లేచి వచ్చేశాను.

కాలనీలో మీ మాటంటే గురి. ఈ పిల్లల తండ్రులు చాలామంది మీ దగ్గర చదువుకున్నవాళ్లే. ఒక్కసారి వచ్చి చెప్పండి సారూ. లేకపోతే బడీ ఉండదు, నేనూ మిగలను.

మీ ఆశీస్సులు కోరే
రాజకుమారి

తా.క. సారూ, మీరు రావద్దు. నా కూతురు మాధురి నా దగ్గరే చదువుతోందని రెండేళ్లుగా మీకు రాస్తున్నది అబద్ధం. మొదటి రోజు నుంచీ దాన్ని ఇంగ్లీషు బడికే పంపుతున్నాను. ఇందాక ఈ ఉత్తరం దాని చేతిలో పడింది. అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఏం రాశావని అడిగింది. దానికి తెలుగు చదవడం రాదని గుర్తొచ్చి, ఎన్నాళ్లకో నా ప్రాణం కుదుటపడింది.