మిక్సీ మింగబోయిన చీర

యశోదక్కకు,

ధర్మవరం నుంచి తమ్ముడు మనోహర్ దండోరా వేసి తెలియజేయునది ఏమనగా, ఈ ఇంట్లో ఇకమీదట చట్నీ రోట్లోనే నూరబడును.

మా ఇంట్లో కూర్చుని నీ కూతురు సింధూర గీసిన పెళ్లిచీర డిజైను భద్రంగా ఉంది, కంగారుపడొద్దు. సోమవారం కరెంటు పోయింది. పిల్ల యూపీఎస్ మీద కంప్యూటర్ నడుపుకుంటుంటే, మా ఆవిడ సుమతి మిక్సీ తెచ్చి అదే యూపీఎస్‌కు తగిలించింది. ఆ డబ్బా కీమని అరిచి ఆగిపోయింది, కంప్యూటరూ ఆరిపోయింది. కరెంటొచ్చాక ఫైలు తెరుచుకోలేదు. మగ్గం వాళ్లకు ఇవ్వాల్సింది మర్నాడే.

"ఏమత్తా, నా చీరను రుబ్బేస్తివి కదా!" అని సింధూర ఒకటే ఏడుపు.

"కరెంటు పోతే ఈ డబ్బాలోనే కదమ్మా ఉండాది!" అని మా ఆవిడ.

ఇంతలో పిల్లకు పెన్‌డ్రైవ్ గుర్తొచ్చింది. ఈ నెలంతా కరెంటు చెప్పకుండా పోతుందని లైన్‌మేన్ తిరుపాల్ అన్నాడని నేను రోజూ బెదిరిస్తుంటే, పని ఆపినప్పుడల్లా దాంట్లోకి ఒక కాపీ ఎక్కిస్తోంది. అదే కాపాడింది. డిజైను మగ్గమెక్కింది.

బావ మోకాలు ఎట్లుంది? నా దండాలు చెప్పు. మోకాలు చూపించుకోను పెనుకొండకు వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఊరికే పడున్న రోటిగుండు తెమ్మను, అక్కడికి నేనొచ్చి తీసుకుంటా.

తిరుపాల్‌కు ఓళిగలు పంపమని సింధూర నిన్ను అడుగుతుంది. తప్పక పంపు, నెయ్యి దండిగా వెయ్. ఫోన్లో చెబితే పిల్ల విని కాపీలు మానేస్తుందని కార్డు రాస్తున్నా. తిరుపాల్ అనే లైన్‌మేన్ ఈ ఊళ్లో లేనే లేడు, నేనే పుట్టించినాను.