దేవకన్య తలవంచిన పేజీ

శనివారం, మధ్యాహ్నం

అక్కగారికి,

చెల్లెలు నమస్కారం చెప్పి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ పాపా బాగానే ఉన్నాం. మీరూ బావగారూ చల్లగా ఉన్నారని తలుస్తాను. అమ్మ నేర్పిన మర్యాద ఇంతటితో అయిపోయింది. ఇక నా నోటికి వచ్చినట్టు రాస్తాను.

మన బొమ్మల పుస్తకం అచ్చయిందని నాకెందుకు చెప్పలేదు? నిన్న డ్రాయింగ్ క్లాసు ముగించుకుని స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చేసరికి అట్టపెట్టెలు విప్పుతున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు నన్ను చూసి, ఎంత గుట్టుగా ఉన్నారండీ, పిల్లలందరికీ మీ పుస్తకం ఉచితంగా పంపించారు అంటూ ఒకటి చేతిలో పెట్టారు. అట్ట మీద నీ పేరు, నా పేరు, కింద బట్టలకు రంగులద్దే మిల్లు ముద్ర. అందరూ చప్పట్లు కొడుతుంటే వెర్రిదానిలా నవ్వుతూ నిలబడ్డాను.

ఎవరూ అచ్చు వేయడం లేదే, బీరువాలో పడేశాను అని పోయిన నెల కూడా ఫోన్లో అన్నావు. పైగా నేనే నిన్ను ఓదార్చాను!

మన కథలో రాజుగారికి రంగుల బట్టల పిచ్చి. ఆ రంగులన్నీ వాగులో కలిసి, అక్కడ స్నానానికి దిగే దేవకన్య రెక్కలు బరువెక్కి ఎగరలేకపోతుంది. ఊళ్లో పిల్లలందరూ రంగు వేయని బట్టలు కట్టుకుని కొలువుకు వెళ్తే రాజు సిగ్గుపడి రంగుల తొట్లు మూయిస్తాడు. మనం అనుకున్న కథ అది. మరి అచ్చులో? రాజు ఏదో యంత్రం పెట్టించాడట, తెల్లారేసరికి వాగు అద్దంలా అయిందట, దేవకన్య వచ్చి రాజు ముందు తలవంచిందట. అలా రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి?

మురికి వాగు పేజీలకు నేను రంగే కలపలేదు, గుర్తుందా? మిల్లు వెనక కాలువ నీళ్లు సీసాతో పట్టుకొచ్చి బ్రష్ ముంచితే ఊదారంగు దానంతటదే దిగింది. నువ్వు ముక్కు మూసుకుని పక్కన కూర్చుని, రంగుల ఖర్చు మిగిలిందే అని పడీపడీ నవ్వావు. ఇప్పుడు మిల్లువాళ్లు తమ మురుగునే మంచి నునుపు కాగితం మీద అచ్చేయించుకున్నారు, పాపం, తెలియక. నవ్వాలో ఏడవాలో తోచడం లేదు.

పరాయివాళ్లు చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు నా గొంతు కోశావక్కా. ఆ కాలువ పక్కనే మా బడి. వాసనకు కిటికీలు మూసుకుని పాఠాలు చెబుతున్నాం. వాగు బాగైపోయిందట కదా టీచర్ అని పిల్లలు అడిగితే ఏం చెప్పమంటావు?

ఇంకో మాట. దేవకన్య తలవంచిన ఆఖరి పేజీ బొమ్మ నేను వేయలేదు. గీత మాత్రం అచ్చం నాదే. తడి ఆరకముందే రెక్కల అంచులు దిద్దడం, ముక్కుకు బదులు చిన్న చుక్క పెట్టడం, అన్నీ దించేశారు. ఆ మహానుభావుడెవరో చెప్పు, వెళ్లి దులిపేసి వస్తాను. పుస్తకాలు పంచేది సోమవారం. పెట్టెలు నా డ్రాయింగ్ గదిలోనే ఉన్నాయి. ఈలోగా వెళ్లి అన్నిట్లోనూ ఆ పేజీ నా చేత్తో నేనే చింపేస్తాను. ఇక నీకు బొమ్మలు వేసిపెట్టే చెల్లెలు లేదనుకో.

మండిపోతూ,
నీ చెల్లెలు

తా.క.: ఉత్తరం మడుస్తుండగా పాప ఆడుకుని ఇంటికి వచ్చింది. బల్ల మీద పుస్తకం చూసి ఎగిరి గంతేసింది. ఆఖరి పేజీ తీసి, ఇది నేనే వేశానమ్మా అన్నది. సెలవులకు నీ దగ్గరున్నప్పుడు నువ్వే వేయించావట. అమ్మకు ముందే చెప్పకు, చూసి మురిసిపోతుంది అన్నావట. ఎలా ఉందమ్మా అని అడిగితే చాలా బాగుందన్నాను. నిజంగానే బాగుంది. పుస్తకం గుండెకు హత్తుకుని వీధిలో వాళ్లందరికీ చూపించడానికి పరిగెత్తింది. ఈ ఒక్క బొమ్మనూ నేను చింపలేనని నీకు తెలుసు. తెలిసే దానిచేత వేయించావు.